టాప్ ఫ్లోర్ వేడి, వేసవి కరెంటు బిల్లు: అపార్ట్‌మెంట్‌లో ఏ పని ముందు, ఏది తర్వాత?

ఫిబ్రవరి దాటగానే నన్ను ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఒకటే. “టాప్ ఫ్లోర్‌లో ఉంటున్నాం, ఒకటిన్నర టన్ను ఏసీ చాలడం లేదు, రెండు టన్నులది పెట్టించమంటారా?” చాలా ఇళ్లలో తప్పు ఏసీది కాదు, నెత్తిమీద శ్లాబుది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండలో కాగిన శ్లాబు కింద ఎంత పెద్ద ఏసీ పెట్టినా అది శ్లాబుని చల్లార్చడానికే కరెంటు తింటుంది.

కూకట్‌పల్లి, మియాపూర్, ఉప్పల్, ఎల్బీనగర్ వైపు ఎక్కడ చూసినా కనిపించే స్టిల్ట్ ప్లస్ ఐదు అంతస్తుల బిల్డింగులను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఇండిపెండెంట్ ఇళ్లకి కూడా ముప్పాతిక భాగం పనికొస్తుంది. విజయవాడ, విశాఖ వాళ్లకి ఎక్కడ తేడా వస్తుందో అక్కడక్కడ చెప్తాను. హైదరాబాద్‌ది ఒక రకం వాతావరణం, కోస్తాది ఉక్కపోత, రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

వరస ఇది: కొలత, డాబా, కిటికీలు, ఫ్యాన్లు, ఏసీ, కామన్ ఏరియా, చివర్లో సోలార్. ఈ వరస తప్పితే డబ్బు దండగ. వేడి తగ్గించకముందే ఏసీ కొంటే అవసరానికి మించినది కొంటారు, వాడకం తగ్గించకముందే సోలార్ పెడితే వృథాకి కూడా ప్యానెళ్లు కొన్నట్టే.

## 1. ముందు కొలవండి

### 1.1 పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకోండి

రూపాయలు కాదు, యూనిట్లు చూడండి. ఏసీ, గీజర్ రెండూ పెద్దగా వాడని నెల ఒకటి తీసుకోండి, మన దగ్గర నవంబరో ఫిబ్రవరో అవుతుంది. డిసెంబర్, జనవరి వద్దు, గీజర్ లెక్క కలిసిపోతుంది. మే నెల యూనిట్లలోంచి ఆ నెల యూనిట్లు తీసేస్తే మిగిలేది దాదాపు మొత్తం చల్లదనం కోసం పెట్టిన ఖర్చు. ఫిబ్రవరిలో 140, మేలో 420 వస్తే, 280 యూనిట్లు వేడి మీద యుద్ధానికే పోయాయన్నమాట.

యూనిట్లు తగ్గితే బిల్లు ఇంకా వేగంగా తగ్గుతుంది, కరెంటు రేటు స్లాబుల వల్ల (వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటూ పెరుగుతుంది). తెలంగాణలో 2022-23లో వచ్చిన గృహ టారిఫ్ లెక్కే చూడండి. నెలకి 200 యూనిట్లు దాటితే మొదటి 200కి యూనిట్ 5.10, తర్వాతి వందకి 7.70, ఆపై వందకి 9 రూపాయలు, 400 దాటితే 9.50. ఈ లెక్కన 420 యూనిట్లకి ఎనర్జీ చార్జీ 2,880 రూపాయలు, 300 యూనిట్లకి 1,790. అంటే 120 యూనిట్లు తగ్గిస్తే నెలకి 1,090 రూపాయలు మిగులుతాయి. ఇక 200 దగ్గర గీత మరీ పదునైనది: 200 లోపు రేట్లు వేరు, తక్కువ, కాబట్టి 200 యూనిట్లకి 820 రూపాయలైతే, 201 కాగానే అది 1,027 దాటుతుంది. ఒక్క యూనిట్‌కి రెండొందల పైచిలుకు! మీరు 210, 220 దగ్గర ఆడుతున్న వాళ్లయితే ఈ గైడ్‌లో మీకు ఫ్యాన్ల సెక్షన్ ఒక్కటే చాలవచ్చు.

### 1.2 మీటర్ మీద ఎర్ర లైటు లెక్క

ఇది పావుగంట పని, ఖర్చు లేదు, కానీ చేసేవాళ్లు చాలా తక్కువ.

మీ ఎలక్ట్రానిక్ మీటర్ మీద చిన్న ఎర్ర లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. దాని దగ్గరే ఒక సంఖ్య ముద్రించి ఉంటుంది, 3200 అనో 1600 అనో. ఒక యూనిట్ కరెంటు ఖర్చయ్యేలోపు ఆ లైటు అన్ని సార్లు వెలుగుతుందని అర్థం.

ఇప్పుడు ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, ఏసీ, టీవీ అన్నీ స్విచ్చుల దగ్గర ఆపేయండి. ఫ్రిజ్ ప్లగ్ కాసేపు తీసేయండి. మెయిన్ మాత్రం ఆన్‌లోనే ఉండాలి. ఫోన్‌లో టైమర్ పెట్టి ఒక నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. 3200 మీటర్ మీద నిమిషానికి 5 సార్లు వెలిగిందనుకోండి, 5ని 60తో గుణించి 3200తో భాగిస్తే 0.094, అంటే 94 వాట్లు. ఎవరూ ఏమీ వాడకుండా రోజంతా పోతే నెలకి 67 యూనిట్లు.

ఎక్కడ పోతుందో పట్టుకోవాలంటే డిస్ట్రిబ్యూషన్ బాక్సులో ఎంసీబీలు (ఒక్కో లైన్‌కి ఉండే చిన్న సేఫ్టీ స్విచ్చులు) ఒక్కొక్కటే దించుతూ లైటు వేగం చూడండి. ఏది దించగానే లైటు నెమ్మదిస్తుందో ఆ లైన్ మీద ఏముందో వెతకండి. మామూలుగా దొరికేవి ఇవే: పాత ఇన్వర్టర్, సెట్‌టాప్ బాక్స్, రిమోట్‌తో మాత్రమే ఆపే ఏసీ. అన్ని ఎంసీబీలూ దించినా లైటు వెలుగుతూనే ఉంటే వైరింగ్‌లో లీకేజీ ఉండొచ్చు, లేదా పక్క ఫ్లాట్ లైనో కామన్ లైనో మీ మీటర్‌కి కలిసి ఉండొచ్చు. అది ఎలక్ట్రీషియన్ చూడాల్సిన పని, మీరు బాక్సు విప్పొద్దు.

### 1.3 వేడి ఎక్కడి నుంచి వస్తోంది?

ఏప్రిల్‌లో ఒక రోజు రాత్రి 9 గంటలకి ప్రతి గదిలో నాలుగు గోడలు, సీలింగు చేత్తో తాకి చూడండి. దొరికితే తుపాకీలా ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడండి, ఆన్‌లైన్‌లో చవకలోనే వస్తుంది. కాంక్రీటు వేడిని వెంటనే వదలదు. మధ్యాహ్నం పీల్చుకున్నది సాయంత్రం నుంచి నెమ్మదిగా గదిలోకి దించుతుంది. బయట చల్లగాలి వీస్తున్నా బెడ్‌రూమ్ ఉడికిపోతుండేది అందుకే.

- సీలింగ్ వేడిగా ఉంటే: సెక్షన్ 2 మొదలుపెట్టండి
- పడమటి గోడ, కిటికీ అద్దం వేడిగా ఉంటే: సెక్షన్ 3
- రెండూ మామూలుగా ఉండి బిల్లు మాత్రం ఎక్కువైతే: నేరుగా 4, 5

## 2. డాబా: అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇక్కడే

హైదరాబాద్‌లోనే ఐఐఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ కలిసి వాణిజ్య భవనాల మీద పరిశీలన చేశాయి. నల్లటి కప్పుకి తెల్ల పూత వేస్తే కూలింగ్ కరెంటు 14 నుంచి 26 శాతం తగ్గింది, మామూలు కాంక్రీటు కప్పుకైతే 10 నుంచి 19 శాతం తగ్గుతుందని తేల్చారు. ఈ లాభం కప్పు కింద ఉన్న అంతస్తుకే. రెండో అంతస్తు వాళ్లకి డాబా పూత వల్ల ఇంట్లో తేడా తెలియదు, వాళ్లు సెక్షన్ 3కి వెళ్లొచ్చు.

### 2.1 ఎప్పుడు చేయాలి

జనవరి చివరి నుంచి మార్చి మధ్య దాకా. వాన భయం ఉండదు, శ్లాబు ఎండి ఉంటుంది, మరీ కాగిపోయి ఉండదు. మే నెలలో వేడి భరించలేక హడావిడిగా వేయించిన పూతలే ఎక్కువగా లేస్తాయి.

### 2.2 ఏం వేయాలి

సున్నం. చవక. సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేస్తే ఆ వేసవి గట్టెక్కుతుంది, వానాకాలంలో కొట్టుకుపోతుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి, ఫలితం ఉంటుందో లేదో ముందు చూడాలనుకునే అసోసియేషన్లకి ఇదే సరైనది.

కూల్ రూఫ్ పెయింట్. మూడు నుంచి ఐదేళ్లు నిలుస్తుంది. డబ్బా మీద గానీ డేటా షీట్‌లో గానీ ఎస్ఆర్ఐ అనే అంకె చూడండి, సూర్యుడి వేడిని కప్పు ఎంత తిప్పికొడుతుందో అది చెప్తుంది. బూడిద రంగు కాంక్రీటుకి 35 ప్రాంతంలో, మంచి తెల్ల కోటింగ్‌కి కొత్తలో 100 చుట్టుపక్కల ఉంటుంది. ఆ అంకె రాయని పెయింట్ ఎంత తెల్లగా కనిపించినా కొనకండి. మూడేళ్ల తర్వాత ఎంత మిగులుతుందో కూడా అడగండి.

తెల్ల పింగాణీ ముక్కలు లేదా కూల్ టైల్స్. ఖర్చెక్కువ, కానీ ఏళ్ల తరబడి ఉంటాయి, డాబా మీద బట్టలు ఆరేసుకుని తిరిగే ఇళ్లకి ఇదే మేలు. బరువు పెరుగుతుంది కాబట్టి పాత బిల్డింగ్ అయితే ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని అడగాలి.

ఇన్సులేషన్. శ్లాబు పైన ఫోమ్ బోర్డులు పరిచి, మీద కాంక్రీటు పొర వేసే పద్ధతి. వాటర్‌ప్రూఫింగ్ ఎలాగూ మొత్తం తీసి మళ్లీ వేయిస్తున్నప్పుడు మాత్రమే దీని గురించి ఆలోచించండి. అప్పుడు మాత్రం వదులుకోవద్దు, పైన తెల్ల టైల్ కూడా వేయిస్తే ఆ ఫ్లాట్ స్వరూపమే మారిపోతుంది.

### 2.3 పని జరగాల్సిన వరస

1. డాబా మీద సామాను, విరిగిన కుండీలు, పాత కూలర్లు, కేబుల్ వైర్ల చుట్టలు అన్నీ తీయించండి.
2. రెండు బకెట్ల నీళ్లు పోసి అవి ఎటు పోతున్నాయో చూడండి. నీళ్లు నిలిచే చోట ముందు వాలు సరిచేయాలి. నిలిచిన నీళ్ల కింద ఏ పూతా బతకదు.
3. పాచి, లేచిపోయిన పాత పెయింటు వైర్ బ్రష్‌తో గీకించి, ప్రెషర్ వాటర్‌తో కడిగించండి.
4. పగుళ్లు చూడండి. వెంట్రుకంత ఉన్నవి క్రాక్ ఫిల్లర్‌తో పూడ్చవచ్చు. అంతకంటే పెద్దవి కాస్త వెడల్పు చేసి, దుమ్ము ఊది, పాలిమర్ కలిపిన మోర్టార్ పెట్టాలి. పిట్టగోడ శ్లాబుని కలిసే మూల, పైపులు దూరిన చోట్లు, ట్యాంకు దిమ్మెల అడుగు, ఈ మూడింటిని ప్రత్యేకంగా చూడండి, లీకులు తొంభై పాళ్లు అక్కడే.
5. కనీసం ఒకరోజు పూర్తిగా ఎండనివ్వండి.
6. ప్రైమర్, ఆ తర్వాత మొదటి కోటు. ఉదయం 9 లోపు లేదా సాయంత్రం 4 తర్వాత. కాగిన శ్లాబు మీద వేస్తే పూత అంటుకునేలోపే ఎండిపోయి పొరలుగా లేస్తుంది.
7. రెండో కోటు మొదటిదానికి అడ్డంగా. మొదటిది ఉత్తరం దక్షిణం లాగితే రెండోది తూర్పు పడమర.
8. డబ్బా మీద చెప్పినంత సేపు ఎవర్నీ డాబా ఎక్కనివ్వకండి, కేబుల్ అబ్బాయిని కూడా.

### 2.4 తరచూ జరిగే తప్పులు

*పెయింటర్ నీళ్లు ఎక్కువ కలపడం.* డబ్బా మీద ఒక లీటర్‌కి ఎన్ని చదరపు అడుగులు అని ఉంటుంది. మీ డాబా కొలతని దానితో భాగించి, ఎన్ని లీటర్లు ఖర్చు కావాలో ముందే రాసుకోండి. పని అయ్యాక ఖాళీ డబ్బాలు లెక్కపెట్టుకోండి.

*లోపలి గోడల డిస్టెంపర్ డాబాకి వేయడం.* ఒక్క వానకి పోతుంది.

*లీకేజీ ఉన్న కప్పు మీద పూత వేసేయడం.* తేమ కిందనుంచి తన్ని బొబ్బలు వస్తాయి. బొబ్బ వచ్చిన చోట మొత్తం తీసేసి మళ్లీ 3వ మెట్టు నుంచి రావాలి, పైన ఇంకో కోటు వేస్తే ఉపయోగం లేదు.

*కడగకపోవడం.* మన ఊళ్లో దుమ్ము, పక్కనే ఇంకో కన్‌స్ట్రక్షన్. ఏడాది తిరిగేసరికి తెలుపు బూడిద రంగుకి తిరుగుతుంది. ఫిబ్రవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి కడిగితే చాలు.

*ఉత్త ఫాల్స్ సీలింగ్‌తో సరిపెట్టడం.* జిప్సం బోర్డు ఒక్కటే పెడితే శ్లాబు వేడి కాస్త ఆలస్యంగా దిగుతుంది తప్ప ఆగదు. పెట్టేదే అయితే బోర్డు పైన ఇన్సులేషన్ పొర కూడా వేయించండి.

### 2.5 అసోసియేషన్‌ని ఒప్పించడం

నిజానికి కష్టమైన మెట్టు ఇదే. మీటింగ్‌లో ఎవరో ఒకరు లేచి, “అన్నా, పై ఫ్లోర్ వాళ్ల ఇళ్లు చల్లబడితే కింద ఉన్న మేమెందుకు కట్టాలి?” అంటారు. న్యాయమైన ప్రశ్నే. డాబా అందరి ఆస్తి, పగుళ్లు పూడ్చకపోతే శ్లాబులో ఇనుము తుప్పు పట్టేది అందరి బిల్డింగ్‌కే. కాబట్టి కడగడం, పగుళ్లు, వాటర్‌ప్రూఫింగ్ ఖర్చు కార్పస్ (అసోసియేషన్ ఉమ్మడి నిధి) నుంచి, తెల్ల పూత ఖర్చు ఎక్కువ భాగం పై అంతస్తు వాళ్ల నుంచి అని విడగొడితే గొడవ సగం అక్కడే తీరుతుంది. మూడు కొటేషన్లు, పక్క బిల్డింగ్ ఫొటోలు పట్టుకుని వెళ్లండి.

చట్టం వైపు కూడా చెప్పండి. 2023 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ ప్రకారం ప్రభుత్వ, వాణిజ్య భవనాలకీ, 600 గజాలు ఆపైన స్థలంలో కట్టే నివాస భవనాలకీ కూల్ రూఫ్ తప్పనిసరి. మీ పాత బిల్డింగ్‌కి అది వర్తించకపోయినా, సర్కారే అడుగుతున్న పని అంటే మీటింగ్‌లో మాటకి బరువొస్తుంది.

## 3. కిటికీలు: ఎండని అద్దం బయటే ఆపండి

ఒక్క సూత్రం. ఎండ అద్దం దాటి లోపలికొచ్చాక కర్టెన్ వేసినా, ఆ వేడి ఇంట్లోనే ఉంటుంది. కర్టెన్ కాగుతుంది, గది కాగుతుంది. అడ్డు ఏదైనా బయటివైపే ఉండాలి.

1. ఏ కిటికీకి ఎప్పుడు ఎండ పడుతుందో ఒక ఆదివారం చూసి రాసుకోండి. దక్షిణానికి సజ్జా ఉంటే చాలు, ఎండాకాలం సూర్యుడు నడినెత్తికి వస్తాడు కాబట్టి. పడమరకి సజ్జా సరిపోదు, సాయంత్రం ఎండ ఏటవాలుగా దాని కిందనుంచి దూరుతుంది.
2. పడమటి కిటికీకి, బాల్కనీకి నిలువుగా అడ్డు కావాలి: వెదురు చిక్‌లు, వట్టివేళ్ల తడికలు, బయటకి జారే బ్లైండ్లు, లేదా నర్సరీల్లో వాడే గ్రీన్ షేడ్ నెట్. నెట్‌కీ అద్దానికీ మధ్య అరడుగైనా ఖాళీ ఉంచండి.
3. బయట ఏమీ కట్టనివ్వని గేటెడ్ కమ్యూనిటీ అయితే అద్దానికి సోలార్ కంట్రోల్ ఫిల్మ్. మరీ నల్లటిది వద్దు, పగలే లైట్లు వేసుకోవాల్సి వస్తుంది.
4. ఏసీ ఉన్న గది తలుపు కింది సందు, స్లైడింగ్ కిటికీ అంచులు చూడండి. అగరుబత్తి వెలిగించి అంచు దగ్గర పెడితే పొగ ఎటు ఊగితే అక్కడ గాలి లీకవుతున్నట్టు. బ్రష్ స్ట్రిప్, డోర్ సీల్ వందల రూపాయల్లో పని.

కిటికీలు ఎప్పుడు తెరవాలి అన్నది ఊరిని బట్టి. హైదరాబాద్‌లో ఎండాకాలం రాత్రి బయట గాలి చల్లబడుతుంది, కాబట్టి ఉదయం 9కి మూసి, బయట లోపలికంటే చల్లబడ్డాక ఎదురెదురు కిటికీలు తెరిస్తే గోడలు కొంత చల్లారతాయి. ఎయిర్ కూలర్ కూడా ఇక్కడ బాగా పనిచేస్తుంది, ఒక కిటికీ తెరిచి ఉంచితేనే సుమా. విజయవాడ, విశాఖలో గాలిలోనే తేమ ఉంటుంది. అక్కడ కూలర్ ఉక్క పెంచుతుంది, నీడ, ఫ్యాను, అడ్డం లేని గాలి, ఇవే దిక్కు.

## 4. ఫ్యాన్లు

చిన్న పని, ఖాయంగా లాభం వచ్చే పని. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే బ్రష్‌లెస్ మోటారు) ఫ్యాను ఫుల్ స్పీడ్‌లో 28 నుంచి 35. ఫ్యానుకి 45 వాట్లు మిగిలితే, మూడు ఫ్యాన్లు రోజుకి 12 గంటలు తిరిగే ఇంట్లో నెలకి దాదాపు 48 యూనిట్లు. పైన చెప్పిన స్లాబుల లెక్కలో వేసుకుని చూడండి.

- 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) స్టార్ లేబుల్ తప్పనిసరి. వాట్లు ఎంతో, గాలి ఎంతో రెండూ చూడండి, గాలి తగ్గించి వాట్లు తగ్గించిన ఫ్యాను వద్దు.
- ఎక్కువ గంటలు తిరిగే ఫ్యానుని ముందు మార్చండి. గెస్ట్ రూమ్‌ది ఆఖర్న.
- బీఎల్‌డీసీ ఫ్యానుని పాత రెగ్యులేటర్‌తో నడపకూడదు, కొన్నాళ్లకి సర్క్యూట్ పాడవుతుంది. రెగ్యులేటర్ తీయించి నేరుగా స్విచ్‌కి ఇప్పించండి.

## 5. ఏసీ

డాబా, కిటికీల పని అయ్యాక ఒక వేసవి పాత ఏసీతోనే నడపండి. అప్పటికీ చాలకపోతేనే కొత్తది.

### 5.1 ఉన్న ఏసీని దారికి తేవడం

- ఫిల్టర్ రెండు వారాలకోసారి కుళాయి కింద కడగండి. ఐదు నిమిషాల పని.
- ఔట్‌డోర్ యూనిట్ ఎక్కడుందో వెళ్లి చూడండి. మన అపార్ట్‌మెంట్లలో ఇరుకు డక్ట్‌లో ఒకదానిపైన ఒకటి ఐదు యూనిట్లు పెట్టేస్తారు, కింది యూనిట్ వదిలిన వేడిగాలినే పైది పీలుస్తుంది. వీలైతే గాలాడే వైపుకి మార్పించండి. ముందు వస్తువులు, బట్టలు, పావురాల జాలీ ఏదీ అడ్డం ఉండకూడదు. నీడ మంచిదే, కానీ పెట్టెలా మూసేస్తే ఎండకంటే అన్యాయం.
- సీజన్ మొదట్లో ఔట్‌డోర్ కాయిల్ కూడా కడిగించండి. సర్వీస్‌కి వచ్చినవాళ్లు చాలామంది లోపలిది కడిగి వెళ్లిపోతారు.
- “గ్యాస్ అయిపోయింది, నింపాలి” అంటే ఆగండి. గ్యాస్ వాడితే తరిగేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు ఎక్కడో చూపించి, అతికించాకే నింపించుకోండి, లేకపోతే వచ్చే ఏడాది మళ్లీ అదే ఖర్చు.
- 26 డిగ్రీలు, పైన ఫ్యాను నెమ్మదిగా. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అని బీఈఈ లెక్క. 2020 నుంచి వచ్చే స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలయ్యేది అందుకే. 18 పెడితే గది తొందరగా చల్లబడదు, ఏసీ ఆగకుండా తిరుగుతుంది, అంతే.

### 5.2 కొత్తది కొనేటప్పుడు

నీడ ఉన్న 100–120 చదరపు అడుగుల బెడ్‌రూమ్‌కి ఒక టన్ను చాలు. స్టార్లతో పాటు లేబుల్ మీద ఐఎస్ఈఈఆర్ అంకె (తిన్న కరెంటుకి ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పేది, ఎక్కువుంటే మంచిది), ఏడాదికి ఎన్ని యూనిట్లు అన్నది చూడండి. ఏ సంవత్సరపు లేబులో కూడా చూడండి, ఎందుకంటే స్టార్ల కొలమానం కాలానుగుణంగా కఠినం చేస్తుంటారు, పాత ఐదు స్టార్లు కొత్త ఐదు స్టార్లు ఒకటి కావు. రోజుకి ఆరేడు గంటలు వాడే గదికి ఐదు స్టార్ల ఇన్వర్టర్, ఏడాదికి నెలో రెండు నెలలో అప్పుడప్పుడు వాడే గదికి మూడు స్టార్లు చాలు.

## 6. కామన్ మీటర్: ఎవరూ పట్టించుకోని బిల్లు

సెక్రటరీ, ట్రెజరర్ అయినవాళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. మోటారు, లిఫ్ట్, లైట్లు. ఈ మూడే.

మోటారు. 5 హెచ్‌పీ మోటారు గంటకి నాలుగు యూనిట్ల దాకా లాగుతుంది. ట్యాంకు నిండి రోజూ అరగంట పొంగిపోతే నెలకి 60 యూనిట్లు, ఆ నీళ్లు వేరే లెక్క. సంపుకీ పై ట్యాంకుకీ కలిపి ఆటోమేటిక్ లెవెల్ కంట్రోలర్ పెట్టించండి. తర్వాత వాచ్‌మన్‌కి ఒక పుస్తకం ఇచ్చి, ఖాళీ ట్యాంకు నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతోందో వారానికోసారి రాయమనండి. 40 నిమిషాలది 60కి పోతే ఏదో చెడినట్టు. మోటారు ఆన్ చేశాక నీళ్లు ఎక్కడానికి ఆలస్యమవుతుంటే ఫుట్ వాల్వ్ లీకు, వెంటనే వచ్చినా ధార సన్నగా ఉంటే ఇంపెల్లర్ అరుగుదల లేదా పైపులో ఉప్పు పేరుకోవడం. బోరు అయితే నీటిమట్టం పడిపోయి ఉండొచ్చు. కాలిపోయిన మోటారుని మూడోసారి రీవైండింగ్ చేయిస్తున్నారంటే ఇక ఆపండి, ప్రతి రీవైండింగ్‌కీ దాని సామర్థ్యం తగ్గే అవకాశం ఉంది. మార్చేటప్పుడు “ఎందుకైనా మంచిది” అని పెద్ద హెచ్‌పీ తీసుకోకుండా, ఎత్తు, నీటి పరిమాణం చెప్పి పంపు షాపులో కర్వ్ (ఏ ఎత్తుకి ఎన్ని నీళ్లు ఎక్కిస్తుందో చూపే గ్రాఫు) చూసి ఎంచుకోండి.

లైట్లు. సెల్లార్‌లో, మెట్ల మీద పాత ట్యూబ్‌లైట్లు మిగిలి ఉంటే ఎల్ఈడీ పెట్టించండి, సగానికి పైగా తగ్గుతుంది. స్టిల్ట్‌లో మూడింట ఒక లైటు రాత్రంతా వెలగనిచ్చి, మిగతావి మోషన్ సెన్సర్ మీద పెట్టండి. మొత్తం సెన్సర్ మీద పెడితే ఆడవాళ్లు, పిల్లలు చీకట్లోకి అడుగుపెట్టాల్సి వస్తుంది, భద్రత ముందు. బయటి లైట్లకి టైమర్.

లిఫ్ట్. ఖాళీగా ఉన్నప్పుడు లోపలి లైటు, ఫ్యాను వాటంతటవే ఆగేలా సెట్ చేయమని మెయింటెనెన్స్ వాళ్లని అడగండి. పాత లిఫ్ట్ ప్యానెల్ మార్చాల్సి వచ్చినప్పుడు వీవీవీఎఫ్ డ్రైవ్ (మోటారు వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చేది) ఉన్నదే తీసుకోండి, కేవలం ఆదా కోసం బాగున్నది పీకేయకండి.

## 7. కొత్తగా కట్టేవాళ్లు, కొనేవాళ్లు అడగాల్సినవి

ఇళ్ల కోసం బీఈఈ 2018లో ఎకో నివాస్ సంహిత అనే కోడ్ తెచ్చింది. గోడలు, కిటికీల గుండా ఎంత వేడి లోపలికి రావచ్చో దాంట్లో హద్దు ఉంది, చదరపు మీటరుకి 15 వాట్లు. బిల్డర్‌ని ఈ లెక్క అడగండి. తడబడితే ఈ కింది చెక్‌లిస్ట్ అడగండి:

- బయటి గోడ ఏఏసీ (గాలి బుడగలున్న తేలికపాటి కాంక్రీటు) బ్లాకులా, ఎర్ర ఇటుకా, కాంక్రీటా? ఏఏసీ వేడిని బాగా ఆపుతుంది. అల్యూమినియం షటరింగ్‌తో మొత్తం కాంక్రీటు గోడలు పోసిన టవర్లలో పడమటి ఫ్లాట్ తీసుకునేముందు మే నెల సాయంత్రం వెళ్లి గోడ తాకి చూడండి
- పడమటి వైపు బెడ్‌రూములా, టాయిలెట్లూ మెట్లా? రెండోదే మంచిది
- కిటికీల్లో తెరుచుకునే భాగం ఎంత? రెండు తలుపుల స్లైడింగ్ కిటికీలో సగమే తెరుచుకుంటుంది. ఫ్లాట్ కార్పెట్ ఏరియాలో తెరుచుకునే భాగం హైదరాబాద్‌లో కనీసం 12.5 శాతం, తీరప్రాంతంలో 16.66 శాతం ఉండాలని కోడ్
- ఏసీ ఔట్‌డోర్ యూనిట్లకి గాలాడే చోటు ప్లాన్‌లో ఉందా?
- డాబా మీద ఇన్సులేషన్, తెల్ల టైల్ స్పెసిఫికేషన్‌లో రాసి ఉన్నాయా, లేక నోటిమాటేనా?

## 8. ఇప్పుడు సోలార్

డాబా పూత, పగుళ్ల పని అయ్యాకే స్టాండ్లు దిగాలి. ఒక కిలోవాట్‌కి నీడ పడని దాదాపు 100 చదరపు అడుగులు కావాలి, రోజుకి సగటున నాలుగు యూనిట్ల దాకా వస్తాయి. ట్యాంకు నీడ, లిఫ్ట్ రూమ్ నీడ జనవరిలో ఎంత దూరం పడుతుందో చూసి స్థలం ఎంచుకోండి, అప్పుడు నీడలు పొడుగు. శ్లాబుకి బోల్టులు దింపకుండా కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టే స్టాండ్లు అడగండి, గాలికి సరిపడా బరువు లెక్క రాతపూర్వకంగా తీసుకోండి.

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో సొంతింటికి 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కి 30,000, మూడు ఆపైన అయితే మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించారు. అసోసియేషన్ల కామన్ అవసరాలకి కిలోవాట్‌కి 18,000. దరఖాస్తు చేసేముందు పోర్టల్‌లో తాజా మొత్తాలు చూసుకోండి. పైగా ప్యానెళ్లు కప్పిన మేర శ్లాబుకి నీడ కూడా.

## 9. మళ్లీ కొలవండి

పని అయిన మరుసటి మే బిల్లుని పాత మే బిల్లుతో పోల్చండి, యూనిట్లలోనే, బిల్లు రోజులు సమానంగా ఉన్నాయో లేదో చూసుకుని. రాత్రి 9కి సీలింగ్ మళ్లీ తాకి చూడండి.

తేడా రాలేదా? ఇవి చూడండి:

- సీలింగ్ చల్లబడింది కానీ యూనిట్లు తగ్గలేదు: ఏసీ పాత సెట్టింగ్‌లోనే నడుస్తోంది, లేదా ఇదివరకు వాడని గదిలో కూడా వాడుతున్నారు
- సీలింగ్ ఇంకా వేడిగానే ఉంది: పూత మీద దుమ్ము పేరుకుంది, లేదా ఒక్క కోటుతో సరిపెట్టారు. ఖాళీ డబ్బాల లెక్క తీయండి
- సీలింగ్, గోడలు రెండూ చల్లగానే ఉన్నాయి, యూనిట్లు ఎక్కువే: మళ్లీ మీటర్ దగ్గరికి వెళ్లి ఎర్ర లైటు లెక్కపెట్టండి. ఫ్రిజ్ తలుపు రబ్బరు కూడా చూడండి, తలుపు సందులో కాగితం పెట్టి మూస్తే అది తేలిగ్గా జారిపోకూడదు
- కామన్ బిల్లు తగ్గలేదు: వాచ్‌మన్ పుస్తకంలో ట్యాంకు నిండే నిమిషాలు, లెవెల్ కంట్రోలర్‌ని ఎవరైనా మాన్యువల్‌లో పెట్టి వదిలేశారేమో చూడండి. చాలాచోట్ల దొరికేది ఇదే